జానెన్నర చందనమూర్తి: గృహారాధనలో బౌద్ధ దారుశిల్పం

వ్యాససంగ్రహం

గృహారాధనకు ఉద్దేశించిన చిన్న కొయ్య బౌద్ధమూర్తిని ఆలయంలోని పెద్దమూర్తికి కుదించిన ప్రతిగా భావించడం పరిపాటి. దారుశిల్పం విషయంలో ఈ భావన పూర్తిగా నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఏకాదశముఖ అవలోకితేశ్వర ధారణీగ్రంథం మూర్తికి వాడవలసిన కొయ్యను, దాని కొలతను, ఆరాధనా విధానాన్ని స్పష్టంగా నిర్దేశించింది. ఆ నిర్దేశానికి ప్రాణమైన చందనం దక్షిణభారతానిది; మిగిలిన సాక్ష్యాలు మాత్రం చైనా, జపాన్ దేశాలవి. చందనం దొరకని చోట మరొక వృక్షాన్ని అనుమతించిన వ్యాఖ్యానం వల్ల చిన్నమూర్తి పెద్దమూర్తికి దారితీసిన క్రమాన్ని, అది మళ్లీ గృహానికి చేరిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: దారుశిల్పం, చందనం, ఏకాదశముఖ అవలోకితేశ్వరుడు, హ్యుయాన్‌త్సాంగ్, భావవివేకుడు, నెంజిబుత్సు, ఎంకూ

ఉపోద్ఘాతం

ఆంధ్రదేశపు బౌద్ధశిల్పం అనగానే స్ఫురించేది రాయి. అమరావతి, నాగార్జునకొండ, జగ్గయ్యపేట శిల్పాలు సున్నపురాతిలో మలచినవి. రాయి నిలిచింది కనుక చరిత్ర రాతి చుట్టూ అల్లుకొంది. కొయ్యకు ఆ భాగ్యం దక్కలేదు. చెదలు, తేమ, నిప్పు అనే మూడు శత్రువులను తట్టుకొని ఈ వాతావరణంలో పదిహేను వందల ఏళ్లు నిలవడం కొయ్యకు సాధ్యం కాని పని. అయితే లేనిదానికి, మిగలనిదానికి మధ్యనున్న భేదాన్ని చరిత్రకారుడు విస్మరించరాదు.

గుంటుపల్లిలోని వర్తులాకార గుహాచైత్యం ఇందుకు తగిన ఉదాహరణ. దాని లోకప్పున కొయ్యవాసాలను పోలిన రాతివాసాలు చెక్కి ఉన్నాయి. కొండను తొలిచి చేసిన కప్పుకు వాసాల ఊతం అవసరం లేదు. శిల్పి ఎరిగిన కట్టడం కొయ్యది కనుకనే రాతిలోనూ అవి వచ్చాయి. మహారాష్ట్రలోని కార్లే, భాజా గుహల్లో నాటి అసలు కొయ్యవాసాలే కొన్ని నేటికీ మిగిలాయి. వాస్తువు విషయంలో రాయి ఈ విధంగా కొయ్యను గుర్తుచేస్తుంది. మూర్తుల విషయంలో ఆ ఆధారం కూడా దుర్లభం. హిమాలయ ప్రాంతాలను మినహాయిస్తే, భారతదేశపు ప్రాచీన బౌద్ధ దారుమూర్తులను గురించి తెలిసేది ప్రధానంగా గ్రంథాల వల్లనే.

కొయ్యమూర్తి భారతీయ శిల్పశాస్త్రానికి కొత్తదేమీ కాదు. వరాహమిహిరుని బృహత్సంహితలో వనసంప్రవేశాధ్యాయం మొత్తం ప్రతిమకు తగిన చెట్టును వెదికి తెచ్చే విధానానికే కేటాయించబడింది. శ్మశానంలో, దారిలో, దేవాలయంలో, పుట్టమీద పెరిగిన చెట్లు పనికిరావు. కొట్టడానికి ముందు చెట్టును పూజించి, దానిని ఆశ్రయించుకొని ఉన్న భూతాలను వేరొక చోటికి వెళ్లవలసిందిగా ప్రార్థించాలి. బ్రాహ్మణులు చేయించే ప్రతిమలకు చెప్పిన వృక్షాల్లో దేవదారు, జమ్మి, ఇప్పలతోపాటు చందనం కూడా ఉంది. బౌద్ధులు ఈ సంప్రదాయానికి వెలుపల లేరు. వారు చందనానికి ఇచ్చిన ప్రాధాన్యం మాత్రం ప్రత్యేకమైనది.

ఉదయనుని ప్రతిమ

బుద్ధుని తొలి ప్రతిమను గురించిన కథ చందనంతోనే మొదలవుతుంది. బుద్ధుడు తల్లికి ధర్మాన్ని బోధించడానికి త్రయస్త్రింశ స్వర్గానికి వెళ్లినప్పుడు, ఆయన ఎడబాటును సహించలేని కౌశాంబీరాజు ఉదయనుడు ప్రతిమను చేయించాడని ఐతిహ్యం. నాలుగో శతాబ్ది చివర చైనాభాషలోకి వెళ్లిన ఏకోత్తరాగమంలో ఉదయనుడు గోశీర్షచందనంతోను, ప్రసేనజిత్తు బంగారంతోను ఐదేసి అడుగుల ప్రతిమలు చేయించినట్లుంది. ఐదో శతాబ్ది ఆరంభంలో వచ్చిన ఫాహియాన్ చందనప్రతిమను ప్రసేనజిత్తుకే ఆపాదించి, అది జేతవనంలో ఉండేదని రాశాడు. రాజు మారాడు, ఊరు మారింది, చందనం మారలేదు. ఐతిహ్యంలో మార్పులకు లొంగని అంశమేదో గుర్తించడానికి ఇటువంటి పాఠాంతరాలే సాధనం.

ఏడో శతాబ్దిలో హ్యుయాన్‌త్సాంగ్ కౌశాంబిలోని విహారంలో రాతిఛత్రం కింద ఉన్న ఆ చందనప్రతిమను వర్ణించాడు. మౌద్గల్యాయనుడు తన ఋద్ధిబలంతో శిల్పిని స్వర్గానికి తీసుకువెళ్లి బుద్ధుని లక్షణాలను కళ్లారా చూపించగా అతడు చెక్కినది ఆ ప్రతిమ అని అక్కడివారి విశ్వాసం. పలుదేశాల రాజులు దానిని ఎత్తుకుపోవాలని ప్రయత్నించినా ఎంతమంది పట్టినా అది కదలలేదట. కదలని మూర్తికి వారు ప్రతిరూపాలు చేయించుకొని, తమ తమ ప్రతిరూపాలే అసలైనవని చెప్పుకొనేవారట. హ్యుయాన్‌త్సాంగ్ సైతం 645లో స్వదేశానికి చేరినప్పుడు తీసుకువెళ్లిన ఏడు మూర్తుల్లో కౌశాంబీ ప్రతిమకు చందనంలో చేసిన ప్రతిరూపం ఒకటి. మూలమూర్తి కదలకపోవడం, ప్రతిరూపం ప్రపంచమంతా తిరగడం అనే ఈ రెండంశాలూ కలిసి ఒక కొత్త వెసులుబాటును కల్పించాయి: మూర్తి విలువ అది ఉన్న స్థలంలో కాక, దాని కొయ్యలోను పోలికలోను ఉంది. చేత ఎత్తుకోదగిన మూర్తికి ఇంతకు మించిన సమర్థన అక్కర లేదు.

గ్రంథం నిర్దేశించిన కొలత

హ్యుయాన్‌త్సాంగ్ 656లో ఏకాదశముఖ అవలోకితేశ్వర ధారణీగ్రంథాన్ని చైనాభాషలోకి అనువదించాడు. అంతకుముందే ఉత్తర ఝౌ రాజ్యకాలంలో యశోగుప్తుడు దానిని అనువదించి ఉన్నాడు. సంస్కృతమూలం గిల్గిత్ రాతప్రతుల్లో లభించగా నళినాక్షదత్తు ప్రకటించాడు. హ్యుయాన్‌త్సాంగ్ అనువాదంలో మూర్తినిర్మాణాన్ని చెప్పే భాగం ఈ వ్యాసానికి కీలకం. పగుళ్లు, తొర్రలు లేని గట్టి తెల్లచందనంతో మూర్తిని చెక్కాలి. దాని పొడవు జానెన్నర. ఎడమచేతిలో ఎర్రతామర ఉంచిన కమండలువు, చాచిన కుడిచేతికి జపమాల, అభయముద్ర ఉండాలి. ముఖాలు పదకొండు: ఎదుట మూడు కరుణతోను, ఎడమ మూడు కోపంతోను, కుడి మూడు పైకి పొడుచుకువచ్చిన కోరలతోను, వెనుక ఒకటి పెద్దగా నవ్వుతూను, అన్నిటికీ పైన బుద్ధముఖం.

జాన అంటే పన్నెండు అంగుళాలు, సంస్కృతంలో వితస్తి. చాచిన బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస వరకు ఉండే దూరం. ఈ లెక్కన జానెన్నర నేటి కొలతలో సుమారు 34 సెంటీమీటర్లు. కొలబద్ద మనిషి చెయ్యే కావడం గమనార్హం. ఆలయమూర్తిని గర్భగృహద్వారంతోను, అధిష్ఠానంతోను పొసగేటట్లు కొలుస్తారు. ఈ మూర్తిని కొలిచింది అరచేతితో.

ఈ కొలతకు కొయ్య స్వభావం కూడా ఒక కారణమై ఉండాలి. చందనం నెమ్మదిగా పెరిగే చెట్టు. పరిమళమంతా దాని చేవలోనే ఉంటుంది. సన్నని మానులో చేవ మరీ సన్నం. పగులు లేని ముక్క కావాలన్నప్పుడు దొరికేది చిన్నముక్కే. దానికి పరిహారంగా చందనపు పోగు అతిసన్నంగా, దట్టంగా ఉంటుంది. ఒక తలపై మరి పది తలలను, ఒక్కొక్కటి వేలికణుపు కంటె చిన్నదిగా, కోరలు సైతం కనిపించేటట్లు చెక్కడానికి అటువంటి కొయ్యే తగినది. గ్రంథకర్త శిల్పి కాకపోవచ్చు గాని శిల్పి చెప్పినది విన్నవాడే.

చందనం ఎక్కడిదన్న ప్రశ్నకు సమాధానం కూడా హ్యుయాన్‌త్సాంగ్ యాత్రాగ్రంథంలోనే ఉంది. దక్షిణాన మలకూటదేశంలో మలయపర్వతంపై తెల్లచందనం పెరుగుతుందని, దాన్ని పోలిన మరొక చెట్టు నుంచి వేరుచేయడం కష్టమని అతడు రాశాడు. మండువేసవిలో ఎత్తైన చోట నిలిచి చూస్తే చల్లదనం కోసం పెద్దపాములు చుట్టుకొన్న చెట్లు కనిపిస్తాయి. వాటిపై బాణం వేసి గుర్తుపెట్టి, పాములు అణగిన చలికాలంలో నరుకుతారు. హ్యుయాన్‌త్సాంగ్ స్వయంగా ఆ దేశం చేరాడా లేదా అన్నది పండితుల మధ్య వివాదాంశమే. అయితే చందనతరువును చుట్టుకొన్న సర్పాలు తెలుగు ప్రబంధపాఠకులకు చిరపరిచితాలు. కవిసమయంగా చదివి దాటిపోయే ఆ వర్ణన, చైనాయాత్రికుని రాతలో అడవిపని తెలిసినవారి గుర్తుగా దర్శనమిస్తుంది.

మూర్తిని చేయించి ఏం చేయాలన్నదీ గ్రంథం చెప్పింది. ప్రతిదినం మూడు వేళల్లో నూటెనిమిదేసి సార్లు ధారణీజపం. శుక్లపక్షం చివర ప్రత్యేక ఆరాధన. అప్పుడు మూర్తి తనంత తానే కంపించి, పైనున్న బుద్ధముఖం నుంచి సాధకుని ప్రశంసించే వాక్కు వెలువడుతుంది. ఫలశ్రుతిలో రోగనివారణ, ధనధాన్యసమృద్ధి, శత్రుజయం, విషం, ఆయుధం, నీరు, నిప్పు వీటివల్ల భయం లేకపోవడం మొదలైనవి ఉన్నాయి. నేడు ఇటువంటి మూర్తులకు 'ధ్యానప్రతిమ' అన్న పేరు వాడుకలోకి వచ్చింది. మనసును నిలుపుకోవడానికి ఎదుట పెట్టుకొనే ప్రశాంతమైన వస్తువు అన్న అర్థం అందులో ధ్వనిస్తుంది. గ్రంథంలోని మూర్తి ప్రశాంతమైనదే కాదు; దానికి కోరలున్నాయి, అట్టహాసం ఉంది. దాని ఎదుట కూర్చున్నవాడు జ్వరానికి, దొంగకు, కరవుకు భయపడే గృహస్థు కూడా కావచ్చు. ఈ భయాన్ని తీసివేసి ధ్యానాన్ని మాత్రమే నిలుపుకొన్న అర్థాన్ని ప్రాచీనకాలానికి అంటగట్టడం చారిత్రకంగా సరికాదు.

ఈ సందర్భంలో ఆంధ్రదేశానికి సంబంధించిన ఒక వృత్తాంతం పరిశీలనార్హం. హ్యుయాన్‌త్సాంగ్ ధాన్యకటక వర్ణనలో మాధ్యమికాచార్యుడైన భావవివేకుని కథను చేర్చాడు. తన సందేహాలను మైత్రేయుడు తప్ప మరెవ్వరూ తీర్చలేరని నిశ్చయించుకొన్న భావవివేకుడు, ధాన్యాహారం మాని, నీరు మాత్రమే తీసుకొంటూ, అవలోకితేశ్వరుని ప్రతిమ ఎదుట మూడేళ్లపాటు ధారణిని జపించాడు. చివరకు బోధిసత్త్వుడు ప్రత్యక్షమై, ధాన్యకటకం దక్షిణాన ఉన్న కొండకు పోయి వజ్రపాణిని ఆరాధించవలసిందిగా సూచించాడు. అక్కడ జపించిన ధారణి ఏకాదశముఖ ధారణి కాదు. ప్రతిమ రాతిదో కొయ్యదో కథ చెప్పదు. అయినా ఒక వ్యక్తి, ఒక ప్రతిమ, నియతమైన జపం, ప్రతిమ నుంచి వచ్చే సమాధానం అనే చట్రం రెండింటా ఒక్కటే. యాత్రాగ్రంథం 646లో పూర్తయింది. ధారణీ అనువాదం పదేళ్లకు వచ్చింది. మహాస్తూపాలకు, వాటి చుట్టూ గుమిగూడే జనసమూహాలకు పేరుపొందిన ధాన్యకటకంలో ఏకాంతారాధన కూడా తెలిసినదేనని ఈ కథ సూచిస్తున్నది. ఆంధ్రబౌద్ధాన్ని స్తూపకేంద్రంగానే చదివే అలవాటు వల్ల ఈ పార్శ్వానికి తగిన పరిశీలన దక్కలేదు.

చందనం లేని దేశంలో

టాంగ్ యుగపు చైనాలో చందనం దిగుమతి సరుకు. అయినా ఆ కాలపు చందనమూర్తులు కొన్ని జపాన్‌లో భద్రంగా ఉన్నాయి. హోర్యూజి ఆలయంలోని తొమ్మిది ముఖాల అవలోకితేశ్వరమూర్తి ఎత్తు సుమారు 37 సెంటీమీటర్లు. 747లో తయారైన ఆలయ ఆస్తుల పట్టికలో అది 719లో టాంగ్ దేశం నుంచి వచ్చినట్లు నమోదైంది. హారాలు, జంధ్యంవంటి సరాలు, వస్త్రపు అంచులు అన్నీ ఒకే ముక్కలో చెక్కినవి. తోనోమినేకు చెందినదై, ప్రస్తుతం టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్న ఏకాదశముఖమూర్తి సుమారు 42 సెంటీమీటర్లు. రెండూ జానెన్నరకు కాస్త అటూఇటూగా ఉన్నాయి. పరిమళం, సహజవర్ణం చెడకుండా ఇటువంటి మూర్తులకు ఒళ్లంతా రంగు పూయరు. కళ్లు, పెదవులు, జుట్టు వంటి చోట్ల మాత్రమే కొద్దిగా రంగు వాడతారు.

చందనం దొరకనివారి సంగతేమిటి? ఈ ప్రశ్న ఎదుర్కొన్నవాడు హ్యుయాన్‌త్సాంగ్ పరంపరకే చెందిన హుయ్‌ఝావో. ఏకాదశముఖ ధారణికి రాసిన వ్యాఖ్యానంలో అతడు, తెల్లచందనం లేని దేశంలో 'బో' వృక్షంతో మూర్తిని చేయవచ్చునని అనుమతించాడు. చైనాలో ఆ అక్షరం సైప్రస్ జాతి చెట్లను సూచిస్తుంది. జపాన్‌లో దానిని 'కయ' అనే చెట్టుగా అర్థంచేసుకొన్నారని నేటి పరిశోధకుల అభిప్రాయం. కయ కొయ్య పసుపుఛాయ గలది, దట్టమైన పోగు గలది, సువాసన గలది.

ఈ వ్యాఖ్యానపు ప్రభావం ఎంతటిదో ఇటీవలి వరకు తెలియలేదు. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల నాటి జపాన్ ఏకకాష్ఠమూర్తులు హినోకి కొయ్యవని చాలాకాలం నమ్మారు. 1990వ దశకం చివరినుంచి కొయ్యపోగులను సూక్ష్మదర్శినితో పరీక్షించగా వాటిలో అధికభాగం కయతో చేసినవని తేలింది. అంతకుముందు ఏడో శతాబ్దిలో అక్కడ వాడినది ఎక్కువగా కర్పూరవృక్షం. 553లో సముద్రంలో వెలుగులు చిమ్ముతూ తేలివచ్చిన కర్పూరపుమాను నుంచి రెండు బౌద్ధమూర్తులు చేయించినట్లు నిహోన్ షోకీ అనే రాజచరిత్ర చెబుతుంది. కర్పూరం కూడా పరిమళించేదే. కర్పూరం నుంచి కయకు జరిగిన మార్పుకు ఆ వ్యాఖ్యానంతోపాటు చైనా నుంచి వచ్చిన భిక్షువుల ప్రత్యక్ష ప్రభావమూ కారణం. 754లో నారా నగరం చేరిన గంజిన్ వెంట శిల్పులు ఉన్నారు. అతని సామగ్రిలో తెల్లచందనంలో చెక్కిన సహస్రభుజమూర్తి ఉన్నట్లు 779 నాటి అతని యాత్రాచరిత్ర పేర్కొంటుంది.

కయమాను చందనపుమాను వలె సన్నం కాదు. కొయ్య మారడంతో కొలతకున్న హద్దు చెరిగిపోయింది. జింగోజి ఆలయంలోని భైషజ్యగురుమూర్తి కయలో చెక్కిన ఏకకాష్ఠమూర్తి. ఎత్తు సుమారు 170 సెంటీమీటర్లు. రంగు పూయకపోవడం, వస్త్రపు మడతలను లోతుగా పదునుగా తీర్చడం, కొయ్యను దాచకుండా చూపడం అనే చందనమూర్తి లక్షణాలు ఇక్కడ మనిషంత ఎత్తున కనిపిస్తాయి. చిన్నమూర్తి పెద్దమూర్తికి నకలు అన్న సామాన్యభావన ఇక్కడ తలకిందులవుతున్నది. జపాన్ దారుశిల్పంలో అత్యున్నతమైనవిగా పేరుపొందిన ఈ ఏకకాష్ఠమూర్తులు చేతిలో ఇమిడే చందనమూర్తిని పెంచి చేసినవి.

పెరిగిన మూర్తికి కొత్త సమస్యలు వచ్చాయి. లావుపాటి మాను లోపల తేమ ఆరేకొద్దీ పగుళ్లు తెస్తుంది. అందుకే వెనుకనుంచి తొలిచి డొల్లచేయడం, ఆ తరువాత వేర్వేరు ముక్కలను కూర్చడం అలవాటయ్యాయి. 1053లో జోచో అనే శిల్పి బ్యోదోఇన్ ఆలయానికి చేసిన అమితాభమూర్తి ఈ కూర్పుపద్ధతికి పరాకాష్ఠ. డొల్లలో దాతల జాబితాలు, ధారణులు, ధాతువులు ఉంచే ఆచారమూ పెరిగింది. చైనా శిల్పులు 985లో చోనెన్ అనే భిక్షువు కోసం చెక్కిన ఉదయనప్రతిరూపం క్యోటోలోని సెయిర్యోజిలో ఉంది. 1954లో దానిని విప్పి చూసినప్పుడు లోపల పట్టుబట్టతో కుట్టిన ప్రేగులు, గుండె మొదలైన అవయవాలు బయటపడ్డాయి. ఐతిహ్యంలో చందనానిదైన ఆ ప్రతిమ ఇక్కడ చైనాలో దొరికే చెర్రీ జాతి కొయ్యది. సువాసన స్థానాన్ని అవయవాలు ఆక్రమించాయని అనవచ్చు.

చందనం అన్న పేరు మాత్రం కొయ్యతో నిమిత్తం లేకుండా వ్యాపించింది. చైనాభాషలో చందనపదం నుంచి మిగిలిన 'తాన్' అనే అక్షరం 'జితాన్' అన్న మరొక కొయ్యపేరులో చేరింది. నేటి చైనా విపణిలో ఆ పేరుతో అమ్ముడయ్యే కొయ్యల్లో అత్యంత ప్రియమైనది శేషాచలం అడవుల ఎర్రచందనం. తెలుగులోనూ పేరులో చందనం ఉంది. వృక్షశాస్త్రరీత్యా తెల్లచందనానికీ దీనికీ బంధుత్వం లేదు. దీనికి చెప్పుకోదగిన సువాసనా లేదు. జపమాలలకు, మూర్తులకు ఉన్న గిరాకీ ఎర్రచందనపు అక్రమరవాణాకు తోడ్పడిన కారణాల్లో ఒకటి. 1995లో ఆ వృక్షం అంతర్జాతీయ వ్యాపారనియంత్రణ ఒప్పందపు రెండో అనుబంధంలో చేరింది. ధారణీగ్రంథం కోరింది పరిమళించే తెల్లచందనాన్ని. వ్యాఖ్యాత అనుమతించింది ఆయా దేశాల్లో దొరికే చెట్టును. ఈ రెండింటిలో దేని ప్రకారం చూసినా శేషాచలం చెట్టు సముద్రం దాటవలసిన ఆగమకారణం కనిపించదు.

ఇంటిలోకి

685లో జపాన్ చక్రవర్తి తెమ్ము, ప్రతి రాష్ట్రంలో ప్రతి ఇంట బుద్ధగృహం ఏర్పరచి, మూర్తిని, సూత్రగ్రంథాన్ని ఉంచి ఆరాధించవలసిందిగా ఆజ్ఞాపించాడని నిహోన్ షోకీ చెబుతుంది. 'ఇల్లు' అన్న అక్షరం ఇక్కడ సామాన్యుల గృహాన్ని సూచిస్తుందా, ప్రభుత్వాధికారుల నివాసాలనా అన్నది వివాదం. నాటి ఆర్థికస్థితిని బట్టి రెండో అర్థమే సమంజసం. కొయ్యమూర్తి అప్పటికింకా సంపన్నుల వస్తువే.

వ్యక్తిగత ఆరాధనామూర్తికి జపాన్‌లో 'నెంజిబుత్సు' అని పేరు. స్మరణలో నిలుపుకొనే బుద్ధుడు అని తాత్పర్యం. కోయాపర్వతంపై కోంగోబుజి ఆలయంలో ఉన్న టాంగ్ యుగపు చందనమందసం ఈ వర్గంలో సాటిలేనిది. ఎత్తు 23 సెంటీమీటర్లు. మూడు భాగాలుగా తెరుచుకొంటుంది. మూసినప్పుడు చిన్న స్తంభంలా ఉంటుంది. నడిమిభాగంలో బుద్ధుడు, పక్కభాగాల్లో బోధిసత్త్వులు, చుట్టూ శిష్యులు గుంపులుగా ఉన్నారు. 806లో కూకాయ్ చైనానుంచి తెచ్చాడని సంప్రదాయం. దానికి 'దిండు దగ్గరి మూలమూర్తి' అన్న పేరుంది. నిద్రించే తల దగ్గర ఉండే దేవుడు అన్న ఈ పేరు, గర్భగృహంలోని దేవునికీ ఈ మూర్తికీ ఉన్న భేదాన్ని ఏ నిర్వచనం కంటె బాగా చెబుతుంది.

చెక్కిన కొయ్య మూర్తి కావాలంటే నేత్రోన్మీలనం జరగాలి. 752లో తోదాయిజి మహాబుద్ధుని నేత్రోన్మీలనం చేసినవాడు భారతీయభిక్షువు బోధిసేనుడు. అతడు పట్టిన కుంచెకు కట్టిన పొడవైన తాళ్లను సభలోనివారు పట్టుకొన్నారు. ఆ కుంచె షోసోఇన్ భాండాగారంలో నేటికీ ఉంది. చిన్నమూర్తికీ ఇదే విధి. మరమ్మతుకు పంపేటప్పుడు మొదట మూర్తిలోని దైవాన్ని సాగనంపి, తిరిగి వచ్చాక మళ్లీ ఆహ్వానిస్తారు. ఆగమవిధులు తెలిసిన తెలుగుపాఠకునికి దీనిని వివరించనక్కరలేదు.

పదిహేడో శతాబ్దిలో తోకుగవా ప్రభుత్వం క్రైస్తవనిషేధంలో భాగంగా ప్రతి కుటుంబం ఏదో ఒక ఆలయంలో పేరు నమోదుచేసుకోవాలని శాసించింది. ఇళ్లలో బుద్ధమందసాలు విస్తృతంగా వ్యాపించింది ఈ కాలంలోనే. పితృదేవతల పేర్లు రాసిన ఫలకాల నడుమ చిన్న కొయ్యమూర్తి కుటుంబారాధనకు కేంద్రమైంది. అన్ని శాఖలూ దీనిని ఒకే తీరున ఆదరించలేదు. పదిహేనో శతాబ్దిలో రెన్యో అనే ఆచార్యుడు కొయ్యమూర్తి కంటె చిత్రపటం, చిత్రపటం కంటె బుద్ధనామం రాసిన పత్రం మేలని బోధించాడు. దీనిలో సిద్ధాంతంతోపాటు ఆర్థికాంశమూ ఉంది. శిల్పికి కూలి ఇచ్చుకోలేని రైతు ఇంట్లోకి నామపత్రం సులువుగా చేరింది.

చెక్కపేళ్ల బుద్ధులు

రెన్యో నామపత్రంతో చేసినది, రెండు శతాబ్దాల తరువాత ఎంకూ గొడ్డలితో చేశాడు. ఎంకూ (1632–1695) ఊరూరా తిరిగే భిక్షువు. లక్షా ఇరవై వేల మూర్తులు చెక్కుతానని వ్రతం పట్టాడని ప్రతీతి. ఐదు వేలకు పైగా నేడు లభిస్తున్నాయి. చందనం మాట అటుంచి, కయ కూడా అతనికి అవసరం కాలేదు. దొరికిన దుంగను గొడ్డలితో చీల్చి, ఉలితో నాలుగైదు గీతలు పెట్టి, నవ్వే ముఖాన్ని తెచ్చేవాడు. చీల్చినప్పుడు ఏర్పడిన పలక వీపుగా అలాగే ఉండిపోయేది. రంగు లేదు, మెరుగు లేదు. చందనమూర్తి కొయ్యను దాచకపోవడానికి కారణం కొయ్య అమూల్యం కావడం. ఎంకూ దాచకపోవడానికి కారణం అది ఊరివారి పెరట్లోని కొయ్య కావడం.

అతని తరువాతివాడైన మొకుజికి (1718–1810) మూర్తులు పల్లెల్లో దాదాపు మరుగునపడ్డాయి. 1924 జనవరిలో యానగి మునెయోషి కొరియా మృణ్మయపాత్రలు చూడడానికి యామనాషి ప్రాంతంలో ఒక ఇంటికి వెళ్లి అక్కడ వీటిని గమనించాడు. ఆలయశిల్పాల చరిత్రలో చోటు లేని మూర్తులు పత్రికలకెక్కింది ఆనాటి నుంచే. మధ్యలో 1868 నాటి శాసనం బౌద్ధాన్ని షింతో నుంచి వేరుచేసినప్పుడు ఎన్నో మూర్తులు కాలిపోయాయి, అమ్ముడుపోయాయి. తోనోమినే ఆలయం కూడా షింతో మందిరంగా మారింది. అక్కడిదైన జానెన్నర మూర్తి ఇప్పుడు అద్దాలపెట్టెలో ఉంది. చందనపు పరిమళం అద్దం దాటి రాదు.

ఎంకూ మూర్తులు పెద్దసంఖ్యలో ఉన్న చోటు నగోయాలోని అరకో కన్నోన్ ఆలయం. పన్నెండు వందలకు పైబడిన ఆ సంపదలో రెండు ద్వారపాలకులు మనిషి కంటె ఎత్తైనవి. 1972లో అదే ఆలయంలోని స్తూపంలో ఒక పెట్టె బయటపడింది. దానిలో 1024 చిన్నమూర్తులు ఉన్నాయి. పెద్దమూర్తులను చెక్కగా రాలిన పేళ్లను పారవేయక ఎంకూ వాటినీ బుద్ధులుగా మలిచాడని చెబుతారు. ఒక్కొక్కటి అరచేతిలో ఇమిడేంత. కొన్నింటికి కళ్లు, నోరు తెలిపే గీతలు తప్ప మరేమీ లేవు.